కంప్యూటరు మాట కడపటి వరుసకు

గ్రామ పంచాయతీ కార్యాలయములలో కంప్యూటరు నేడు వింతవస్తువు కాదు. ఇంటిపన్ను లెక్కలు, జనన మరణముల నమోదు, జిల్లా అధికారులు జరుపు దృశ్యసమావేశములు, ఇవన్నియు దానిమీదనే నడచుచున్నవి. అయినను దాని కంఠము మిక్కిలి చిన్నది. తెరకు రెండు ప్రక్కల ఉంచిన స్పీకర్లు బల్లచుట్టు కూర్చున్న నలుగురికి మాత్రమే వినిపించును. వ్యవసాయశాఖవారి చిత్రమునో, ఉపాధిహామీ పనుల పట్టికనో గ్రామసభలో ప్రదర్శించినప్పుడు ముందు వరుసలోని పెద్దలు తలయూపుచుందురు. గోడవార నిలుచున్న స్త్రీలు, గుమ్మమువద్ద ఆగిన కూలీలు బొమ్మను చూచి ఇంటికి పోవుదురు. వినని మాటకు సమ్మతి తెలిపినట్లు రిజిస్టరులో వారి వ్రేలిముద్ర మాత్రము పడును.

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినప్పటినుండి గ్రామసభ రాజ్యాంగమునందే చోటు గల సభ. 2024 ఆగస్టు 23వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. సభ కూడుట ఒక ఎత్తు, కూడినవారందరికిని మాట చేరుట ఒక ఎత్తు. ఈ రెండవదానికొరకు కొన్ని పంచాయతీలు పట్టణపు ఇండ్లలో సినిమా చూచుటకు వాడు 'సరౌండ్ సౌండ్' రిసీవరును సంపాదించి కంప్యూటరుకు కలుపుచున్నవి. కొన్నిచోట్ల అది దాతలిచ్చినది, కొన్నిచోట్ల చౌకగా దొరకిన పాతది. ఆలోచన మంచిదే. కాని కలుపుటలో దొర్లు తప్పులు కొన్ని సభను చెడగొట్టును, ఒకటి మాత్రము మనిషి ప్రాణమునే తీయగలదు. ఆ సంగతులు ఈ వ్యాసమున వివరించుచున్నాము.

వెనుకటి కాలమున పంచాయతీ రేడియో ఉండెడిది. రచ్చబండవద్ద సాయంకాలము దానిని పెట్టినచో ఊరంతయు చేరి వినెడిది. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము నెలకొన్న తరువాత మన ఉత్తరకోస్తా గ్రామములకు తమ యాస, తమ పాట కూడ ఆ పెట్టెలో వినబడసాగెను. ఆ పెట్టె స్పీకరును లోపలనే ఇముడ్చుకొనియుండెను. ఒక మీట త్రిప్పినచో చాలును. నేటి సాధనము అట్లు కాదు. కంప్యూటరు వేరు, రిసీవరు వేరు, స్పీకర్లు వేరు, నడుమ తీగలు వేరు. తంటా అంతయు ఆ నడుమనే ఉన్నది.

రిసీవరు చేయు పని

రిసీవరనగా ముఖ్యముగా ఒక ఆంప్లిఫయరు. కంప్యూటరునుండి వచ్చు బలహీనమైన ధ్వనిసంకేతమును తీసికొని, స్పీకరును కదలించునంతటి బలమునిచ్చుట దాని మొదటి పని. రెండవపని పంచుట. '5.1' అని పెట్టెపై అచ్చువేసియుండుటను సభ్యులు చూచియుందురు. ఎదుట ఎడమ, ఎదుట కుడి, నడుమ, వెనుక ఎడమ, వెనుక కుడి, ఈ ఐదును అయిదు స్పీకర్లు. చుక్క తరువాతి ఒకటి, డోలుమ్రోతవంటి మంద్రస్వరముల కొరకైన 'సబ్‌ఊఫరు' అను పెద్దపెట్టె. ఏ ధ్వని ఏ దిక్కునుండి రావలెనో ఆ దిక్కుకు పంపుట రిసీవరు వంతు.

ఈ విద్య సినిమాశాలలలో పుట్టినది. 1940లో వెలువడిన 'ఫాంటాసియా' అను అమెరికా చిత్రమునకై హాలులో అనేక స్పీకర్లను అమర్చి ధ్వనిని కదలించిరి. తెలుగున తొలి 70 మి.మీ. చిత్రమయిన 'సింహాసనం' 1986లో ఆరు ధ్వనిపథములతో వచ్చినప్పుడు గుఱ్ఱపుడెక్కల చప్పుడు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు పోవుట మన ప్రేక్షకులు విని ఆశ్చర్యపడిరి. ఆ అమరికయే చిన్నదై ఇండ్లలోనికి వచ్చినది.

పంచాయతీకి ఈ ఐదింటిలో ముఖ్యమైనది నడిమి స్పీకరు. సినిమాలో పాత్రల మాటలు చాలవరకు దానినుండియే వచ్చును. ఎడమ కుడి స్పీకర్లు పాటకు, నేపథ్యమునకు. వెనుకవి గాలివాన, జనఘోష మొదలగువాటికి. సభలో మనకు కావలసినది మాట. కావున డబ్బు తక్కువయినచో వెనుక స్పీకర్లు మానుకొనవచ్చును, సబ్‌ఊఫరు తప్పక మానుకొనవచ్చును. నడిమి స్పీకరు మాత్రము నాణ్యమైనది ఉండవలెను. దుకాణదారులు దీనికి విరుద్ధముగా చెప్పుట మేము పలుమారు విన్నాము. గుండెలదురు శబ్దము వినిపించి అమ్ముట వారికి సులువు.

ఆటోనగర్‌లో నేర్వదగిన పాఠము

విశాఖపట్టణములో గాజువాక ప్రక్కనున్న ఆటోనగర్‌ను సభ్యులలో పెక్కుమంది ఎరుగుదురు. ట్రాక్టరు ఇంజను దించవలసినను, లారీకి బాడీ కట్టించవలసినను చుట్టుప్రక్కల గ్రామములవారు అచ్చటికే పోవుచుందురు. సమ్మెటపోట్లు, గ్రైండరు కూత, వెల్డింగు మెరుపుల నడుమ వాహనములకు విద్యుత్పని చేయు షెడ్లు కూడ అచ్చట ఉన్నవి. బస్సులలో, లారీలలో పాటల పెట్టెలు అమర్చువారు వారే. కంప్యూటరుకు రిసీవరు కలిపినప్పుడు వచ్చు 'గుంయ్' అను రొద ఎందుకు వచ్చునో తెలిసికొనుటకు పుస్తకములకంటె ఆ షెడ్డులో ఒక గంట నిలుచుట మేలని మాకు తోచినది.

లారీలో బ్యాటరీయొక్క మైనస్ తీగ ఛాసిస్ అను ఇనుపచట్రమునకు బిగించియుండును. దీపమునకు గాని హారనునకు గాని ప్లస్ తీగ ఒక్కటే పోవును. తిరుగుదారి చట్రమే. దానినే వారు 'ఎర్తు' అందురు. చట్రమునకు తుప్పుపట్టి ఆ అతుకు వదులైనచో బ్రేకు త్రొక్కినప్పుడు ఇండికేటరు మిణుకుమనును. విద్యుత్తు తన దారి దొరకక పొరుగుదీపము దారిని పట్టును. పాటల పెట్టెను ఒకచోట, ఆంప్లిఫయరును మరియొకచోట చట్రమునకు బిగించినచో ఇంకొక వింత జరుగును. ఇంజను వేగము హెచ్చినకొలది స్పీకరులో 'కుయ్' అను కూత హెచ్చును. రెండు ఎర్తు బిందువుల నడుమ కొద్దిపాటి విద్యుద్భేదమున్నందున డైనమోనుండి వచ్చు అలజడి పాటతీగ గుండా పారుచున్నదన్నమాట. అనుభవజ్ఞుడైన పనివాడు పాటల పెట్టెను విప్పడు. రెండు ఎర్తులను తెచ్చి ఒకే బోల్టుక్రింద బిగించును. కూత ఆగిపోవును.

పంచాయతీ భవనములో జరుగునదియు ఇదియే. కంప్యూటరు ఒక గోడలోని సాకెట్టునుండి, ప్రొజెక్టరు వేరొక గోడలోని సాకెట్టునుండి విద్యుత్తు తీసికొనుచుండును. రెండింటికి ఎర్తు వేర్వేరు దారుల వచ్చును. వాటిని ధ్వనితీగతో రిసీవరునొద్ద కలిపినంతనే ఒక చుట్టు ఏర్పడి, ఆ చుట్టులో పారు స్వల్పవిద్యుత్తు స్పీకరులో రొదగా మారును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది కావున ఆ రొద కూడ 50 లేక 100 కంపనముల మంద్రస్వరముగా వినబడును. కేబుల్ టీవీ తీగ రిసీవరుకు గాని టీవీకి గాని తగిలియున్నచో అదియు ఒక ఎర్తును మోసికొనివచ్చును. దానిని పీకిచూచిన రొద ఆగినచో దొంగ దొరకినట్లే. ల్యాప్‌టాప్ వాడువారు చార్జరు తీసివేసి బ్యాటరీపై నడపి చూడవచ్చును. అప్పుడు రొద మాయమైనచో తప్పు రిసీవరుది కాదు, విద్యుత్తు దారిది.

దీనికి మందు ఆటోనగర్ మందే. కంప్యూటరు, ప్రొజెక్టరు, రిసీవరు, మూడింటిని ఒకే ఎర్తు గల సాకెట్టునుండి, మంచి రకము పొడిగింపు బోర్డు ద్వారా నడపవలెను. అప్పటికిని పోనిచో ధ్వనితీగ నడుమ పెట్టు చిన్న ఐసొలేటరు పెట్టె అంగడిలో దొరకును. దానిలో ట్రాన్సుఫార్మరు ఉండును. ధ్వని దాటును, ఎర్తు దాటదు.

చేయరాని పని

ఇచ్చట ఒక్క విషయమును గట్టిగా చెప్పవలసియున్నది. రొద పోగొట్టుటకు కొందరు కంప్యూటరు ప్లగ్గులోని మూడవ పిన్నును, అనగా పైనుండు లావుపాటి పిన్నును, విరిచివేయుదురు. లేదా రెండు రంధ్రముల సాకెట్టులో బలవంతముగా గ్రుచ్చుదురు. రొద పోవును, నిజమే. చుట్టు తెగినది గనుక పోవును. కాని దానితో రక్షణ కూడ తెగును.

లారీ ఎర్తుకు, భవనపు ఎర్తుకు గల భేదమును ఇచ్చట గ్రహింపవలెను. లారీలో ఎర్తు విద్యుత్తు తిరిగిపోవు దారి, అది లేనిదే దీపము వెలుగదు. భవనములో ఎర్తు తీగ మామూలుగా ఏ పనియు చేయదు. అది లేకున్నను కంప్యూటరు చక్కగా నడచును. అందుచేతనే దానిని అలక్ష్యము చేయుదురు. కంప్యూటరు లోపల ఇన్సులేషను చెడి 230 వోల్టుల తీగ ఇనుపపెట్టెకు తగిలిన క్షణమున ఆ విద్యుత్తును భూమిలోనికి లాగి ఫ్యూజును పోవునట్లు చేయుటకే అది ఉన్నది.

ఎర్తు లేని కంప్యూటరు పెట్టెను తాకినచో చేతికి జిమ్ముమనుట చాలమందికి అనుభవమే. లోపలి కెపాసిటర్ల ద్వారా ఆ పెట్టెకు సరఫరాలో సగము వోల్టేజి, సుమారు 115 వోల్టులు, చేరుచుండును. దాని వెనుకగల విద్యుత్ప్రవాహము అత్యల్పము కావున జిమ్ముమని ఊరకుండును. అది హెచ్చరిక. ఇన్సులేషను చెడిననాడు అదే పెట్టెలో నిండు 230 వోల్టులు నిలుచును. ధ్వనితీగ దానిని రిసీవరునకు, రిసీవరునుండి మైకు తీగ దానిని మాట్లాడువాని చేతిలోని లోహపు మైకునకు చేర్చగలదు. వర్షాకాలమున తడినేలపై చెప్పులు లేక నిలుచుండి మైకు పట్టు వ్యక్తి మన గ్రామసభలో ఎవరైనను కావచ్చును.

కావున రిసీవరు కొనుటకు ముందే ఎర్తును పరీక్షింపించవలెను. భవనము కట్టిననాడు ఎర్తు గొయ్యి తీసి పైపు పాతి బొగ్గు, ఉప్పు వేసియుందురు. తరువాత దానివైపు చూచినవారు అరుదు. వేసవిలో ఆ గొయ్యి ఎండిపోవును, నీరు పోయుచుండవలెను. పైపు తలకు బిగించిన తీగ తుప్పుపట్టి తెగిపోయియుండుటయు కలదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను రక్షణ మీట పెట్టించుట మరింత శ్రేయము. విద్యుత్తు కొంచెము దారితప్పినను అది క్షణములో సరఫరాను తెంచివేయును. దానిపై 'టెస్టు' అను చిన్న బొత్తాము ఉండును. అప్పుడప్పుడు నొక్కి చూడవలెను; నొక్కినప్పుడు పడిపోనిచో అది ఉండియు లేనట్లే.

కలుపు మార్గములు

కంప్యూటరునుండి రిసీవరునకు ధ్వనిని చేర్చుటకు మూడు దారులు వాడుకలో ఉన్నవి.

చౌకయైనది ఆకుపచ్చ రంధ్రము. కంప్యూటరు వెనుక రంగురంగుల రంధ్రములుండును. ఆకుపచ్చది ధ్వని వెలుపలికి వచ్చు దారి, గులాబిరంగుది మైకు లోనికి పోవు దారి. ఒక ప్రక్క 3.5 మి.మీ. పిన్ను, మరొక ప్రక్క ఎరుపు, తెలుపు పిన్నులు రెండు గల తీగ కొన్నచో చాలును. రిసీవరు వెనుక 'ఆక్స్' అనియో 'సీడీ' అనియో వ్రాసియున్నచోట కలుపవలెను. 'ఫోనో' అని వ్రాసియున్నచోట కలుపరాదు. అది పాతకాలపు గ్రామఫోను పళ్లెముల కొరకైనది, సంకేతమును అనేక రెట్లు పెంచును గనుక ధ్వని బ్రద్దలైనట్లు వినబడును. కంప్యూటరులోని శబ్దస్థాయిని నిండుకు దగ్గరగా ఉంచి, హెచ్చుతగ్గులు రిసీవరునందే చేసికొనుట మంచిది. ఈ దారిలో వచ్చునవి ఎడమ, కుడి రెండు ధ్వనులే. అది లోపమని భావింపనక్కరలేదు. అధికారుల దృశ్యసమావేశమునకు అంతకు మించి అవసరము లేదు. రెండింటిలో సమానముగా నున్న కంఠస్వరమును నడిమి స్పీకరునకు మళ్లించు ఏర్పాటు రిసీవరులోనే ఉండును.

రెండవది వెలుగుదారి. 'ఆప్టికల్' అని వ్రాసిన చతురస్రపు రంధ్రము రెండింటికిని ఉన్నచో, సన్నని ప్లాస్టిక్ నాళము ద్వారా ధ్వనిని ఎఱ్ఱని వెలుగుగా పంపవచ్చును. 1983లో జపానులోని తోషిబా కంపెనీవారు దీనిని తెచ్చిరి. వెలుగునకు ఎర్తుతో పని లేదు. కావున పైన చెప్పిన రొద ఈ దారిలో రానేరదు. రొదతో విసిగినవారికి ఇది ఉత్తమము. కాని దీనిని తాడువలె మడచినచో లోపల విరుగును. కొనపైనుండు చిన్న తొడుగు తీయక గ్రుచ్చి, పనిచేయలేదని తిరిగి ఇచ్చివేసినవారు కలరు.

మూడవది హెచ్.డి.ఎం.ఐ. ఈ పద్ధతి 2002 చివర వెలువడినది. ఒక్క తీగలో బొమ్మ, ధ్వని రెండును పోవును. ధ్వని ఎనిమిది పథములవరకు ఏ కుదింపు లేకుండ పోగలదు. కంప్యూటరునుండి రిసీవరు లోనికి ఒక తీగ, రిసీవరునుండి ప్రొజెక్టరునకు గాని టీవీకి గాని మరొక తీగ, ఇదియే క్రమము. కొందరు కంప్యూటరును నేరుగా ప్రొజెక్టరునకు కలిపి, రిసీవరు పలుకుటలేదని ఆశ్చర్యపడుదురు. ధ్వని దానికి చేరనే లేదు గదా! తీగ పది మీటర్లు దాటినచో బొమ్మ మినుకుట మొదలగు చిక్కులు వచ్చును. అందువలన రిసీవరును కంప్యూటరు చెంతనే ఉంచి, స్పీకరు తీగలను పొడవుగా లాగుట యుక్తము.

బ్లూటూత్ అను తీగలేని మార్గము కూడ కొన్ని రిసీవర్లకు ఉన్నది. ధ్వని కొంచెము ఆలస్యముగా వచ్చి పెదవులకు మాటకు పొత్తు కుదరదు. పాటకు ఫరవాలేదు.

మాట మాయమగుట

తీగలన్నియు సరిగా కలిపినను కొన్నిచోట్ల ఒక విచిత్రము జరుగును. చిత్రములో సంగీతము వినబడును, పక్షుల కూతలు వినబడును, మనిషి మాట మాత్రము వినబడదు. చూచువారు స్పీకరు చెడినదనుకొందురు. నిజమునకు చెడినది ఏదియు లేదు. కంప్యూటరులో '5.1' అని ఎంచి, భవనములో రెండే స్పీకర్లు పెట్టియుందురు. కంప్యూటరు మాటను నడిమి స్పీకరునకు పంపుచున్నది. ఆ స్పీకరే లేదు. పల్లకి సిద్ధమే, పెండ్లికొడుకే లేడు.

దీనిని సరిదిద్దుట సులభము. విండోస్ గల కంప్యూటరులో తెర క్రింది కుడిమూలనున్న స్పీకరు గుర్తుపై మౌసు కుడిబొత్తాము నొక్కి ధ్వని సెట్టింగులలోనికి పోవలెను. అందు ధ్వని వెలుపలికి పోవు సాధనముల పట్టీ ఉండును. రిసీవరు పేరును ఎంచుకొనవలెను. మరి లోపలికి పోయి 'ప్లేబ్యాక్' పట్టీలో అదే సాధనముపై 'కాన్ఫిగర్' అనునది నొక్కినచో స్పీకర్ల బొమ్మ వచ్చును. నిజముగా ఎన్ని స్పీకర్లు ఉన్నవో అన్నియే ఎంచవలెను. 'టెస్టు' నొక్కిన ఒక్కొక్క స్పీకరు వరుసగా మ్రోగును. ఒకరు తెరవద్ద, మరొకరు హాలులో నిలిచి సరిచూచుకొనవలెను. కుడి అని తెర చూపినప్పుడు ఎడమ మ్రోగినచో తీగలు తారుమారైనట్లు. రిసీవరు పేరు పట్టీలో లేనేలేదందురా, ముందుగా ప్రొజెక్టరు, పిదప రిసీవరు వెలిగించి, రిసీవరునందు తగిన ఇన్‌పుట్ ఎంచి, కడపట కంప్యూటరు వెలిగింపవలెను. హెచ్.డి.ఎం.ఐ. మార్గములో కంప్యూటరు అవతలనున్న సాధనమును పలుకరించి దాని శక్తిని తెలిసికొనును. నిద్రపోవుచున్న రిసీవరు బదులు పలుకదు.

హాలులో అమరిక

ఇంటి అమరికకు ఒక లెక్క ఉన్నది. వినువాని ముఖమునకు ఎదుట నడిమి స్పీకరు, దానికిరుప్రక్కల 30 డిగ్రీల దూరమున ఎడమ కుడి స్పీకర్లు, భుజములకు కొంచెము వెనుకగా 110 డిగ్రీలవద్ద వెనుక స్పీకర్లు. ఇది ఒక సోఫాపై కూర్చున్న కుటుంబమునకు చెప్పిన లెక్క. నూరుమంది కూర్చుండు హాలులో ఇది పనికిరాదు. వెనుక స్పీకరుచెంత కూర్చున్నవారికి గాలివాన తప్ప మాట వినబడదు. కావున సభకు రిసీవరులోని 'ఆల్ చానల్ స్టీరియో' వంటి పద్ధతిని ఎంచినచో ఒకే మాట అన్ని స్పీకర్లనుండి వచ్చును. పరిసరధ్వని వేడుకను చిత్రప్రదర్శనమునాటికి దాచుకొనవచ్చును.

దూరమునుగూర్చి ఒక మాట. ఆరుబయట స్పీకరునుండి దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము 6 డెసిబెళ్లు తగ్గును. ముందున్న ఒక్క స్పీకరు గొంతు పెంచి వెనుకవారికి వినిపించుటకంటె, వెనుకవారి చెంత మరొక స్పీకరు నెమ్మదిగా పలుకుట మేలు. ముందు వరుసలోని వృద్ధులు చెవులు మూసికొనవలసిన పని ఉండదు. అయితే మన ఎండలలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. పది మీటర్లు పోవుటకు దాదాపు 29 మిల్లీసెకండ్లు పట్టును. ముందు వెనుకల మాటలు ఒకదానితో నొకటి ఢీకొని మసకగా వినబడినచో, రిసీవరులో ప్రతి స్పీకరు దూరమును నమోదు చేయు ఏర్పాటును వాడవలెను. టేపుతో కొలిచి అంకెలు వేసినచో తక్కినది అదే చూచుకొనును.

స్పీకరు తీగ సన్ననిది వాడరాదు. 1.5 చదరపు మి.మీ. రాగితీగ హాలుకు చాలును. రిసీవరు ఎరుపుకు స్పీకరు ఎరుపు, నలుపుకు నలుపు కలుపవలెను. ఒక్క స్పీకరుకు తారుమారైనను ధ్వని పలుచనై డొల్లగా వినబడును. తీగకొసల పోగులు ప్రక్క తీగకు తగిలినచో రిసీవరు కాలిపోవచ్చును. స్పీకరుపై 8 ఓములు అని ఉండును. రిసీవరు వెనుక వ్రాసిన కనిష్ఠపు అంకెకు తక్కువ గలదానిని తగిలింపరాదు. గుడిపై, చెట్టుపై ఉండు హారను స్పీకర్లను దీనికి కలుపు ప్రయత్నము చేయవలదు. వాటిలో పెక్కు 100 వోల్టుల లైనుకొరకు ట్రాన్సుఫార్మరుతో చేయబడినవి. వాటికి తగిన ఆంప్లిఫయరు వేరు.

మైకు మాటలను కంప్యూటరులో నిలుపదలచిన పంచాయతీలు గులాబిరంగు రంధ్రమునో, యు.ఎస్.బి. మైకునో వాడవలెను. గ్రామసభ ముద్రణనుండి చర్చల సారాంశమును తయారుచేయు 'సభాసార్' అను సాధనమును కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో ప్రవేశపెట్టినది. యంత్రమైనను వినబడిన మాటనే వ్రాయగలదు. మైకును స్పీకరుకు ఎదురుగా ఉంచినచో 'కీచు'మను అరుపు బయలుదేరును గనుక మైకు ఎప్పుడును స్పీకర్ల వెనుకభాగముననే ఉండవలెను.

చట్టము చెప్పునది

ధ్వని కాలుష్య నియంత్రణ నియమములు 2000 సంవత్సరమున వచ్చినవి. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడుస్పీకరు వాడరాదు. పగటివేళ వాడుటకును అధికారి వ్రాతపూర్వకమగు అనుమతి కావలెను. నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానములచుట్టు నూరు మీటర్లవరకు నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చును. పంచాయతీ తీర్మానము అధికారి అనుమతికి బదులు కాజాలదు. మన ఊళ్లలో పంచాయతీ భవనము, ప్రాథమిక పాఠశాల ఒకే ప్రహరీలో ఉండుట కద్దు. బడి వేళలో స్పీకర్లను పరీక్షించుట మానుకొనవలెను.

ఖర్చు, భద్రత

తీర్మానము వ్రాయునప్పుడు రిసీవరు వెల మాత్రమే వ్రాయుట ఆనవాయితీ అయినది. ఎర్తు బాగుచేయుట, ఆర్.సి.సి.బి., రాగితీగ, పొడిగింపు బోర్డు, ఇవి కూడ అందులోనే చేర్చవలెను. పాత రిసీవరు కొనువారు విశాఖపట్టణమునకు పోయినప్పుడు కంప్యూటరును గాని ల్యాప్‌టాప్‌ను గాని వెంట తీసికొనిపోయి, దుకాణములోనే కలిపి, మాటగల చిత్రమొకటి పెట్టి విని తీసికొనుట మంచిది. రిసీవరు పైభాగము వేడెక్కును. దానిపై ఫైళ్లు పేర్చరాదు. ఎలుకలు తీగలను కొరకును కనుక గోడవెంట పైపులో నడపవలెను. ఏ తీగ ఎచ్చట కలుపవలెనో ఒక కాగితముపై బొమ్మ గీసి బీరువా తలుపు లోపల అంటించినచో కార్యదర్శి బదిలీ అయినను సభ ఆగదు.

ఇంతయు విద్యుత్తు ఉన్ననాటి మాట. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు విద్యుత్ స్తంభములు కూలి, నగరము, చుట్టుప్రక్కల గ్రామములు దినముల తరబడి చీకటిలో ఉండెను, టెలిఫోనులు మూగవోయెను. అట్టివేళ కంప్యూటరు, రిసీవరు రెండును బల్లపై బొమ్మలే. తీరగ్రామముల పంచాయతీలు బ్యాటరీ రేడియో ఒకటి, చేతిలో పట్టు బ్యాటరీ మెగాఫోను ఒకటి వేరుగా ఉంచుకొనవలెను. అక్టోబరు, నవంబరు మాసములకు ముందు వాటి బ్యాటరీలను మార్చి బీరువాలో పెట్టవలెను. ఆ బీరువా తాళపుచెవి ఎవరియొద్ద ఉండునో సభ్యులందరికిని తెలిసియుండవలెను.